వెనక చక్రానికి కారు టైరు

జూలైలో ఒక శనివారం పొద్దున్న, ఇంకా ఎండ రాకముందే, నేపర్‌విల్‌లో మా ఇంటి ముందు నుంచి బయల్దేరాం. మేమంటే నేనూ, మా వారు రాఘవరావు గారూ, ఆయన జపాను టూరింగ్ బైకూ. బైకు అనగానే పాలవాళ్ళు క్యాన్లు కట్టుకు తిరిగే బండిని ఊహించుకోకండి. ముందు గాలిని అడ్డుకునే పెద్ద అద్దం, రెండు పక్కలా సూట్‌కేసుల్లాంటి పెట్టెలు, నా వెనక ఇంకో పెట్టె, ఆ పెట్టెకి నేను జేరబడటానికి మెత్తటి దిండు. ఏమీ సర్దకముందే మూడు వందల కిలోల పైమాట. రేడియో, క్యాసెట్ ప్లేయరు సరే, ఇద్దరి హెల్మెట్లలోనూ చిన్న స్పీకర్లు, నోటి దగ్గర మైకులు ఉండేవి. ఇంట్లో కంటే ఆ బండి మీదే మేం ఎక్కువ మాట్లాడుకునేవాళ్ళం.

ఇది ఎనభైల నడిమి మాట. హైవేల మీద యాభై అయిదు మైళ్ళు దాటకూడదన్న రోజులు. మేం వెళ్ళదలచింది వయోమింగ్‌లోని బిగ్‌హార్న్ కొండలకి. అంతకు ముందు ఏడాది కూడా అక్కడికే బయల్దేరాం. అయోవా దాటలేదు. మంచి ఎండలో, తిన్నని రోడ్డు మీద, వెనక టైరు పేలింది. బండి తోక ఊపినట్టు అటూ ఇటూ ఊగి పడిపోయింది. మా వారికి మోకాళ్ళు, మోచేతులు చెక్కుకుపోయాయి. నాకు కాలర్‌బోనూ, ఎడమ మణికట్టూ విరిగాయి. నేను హాస్పిటల్లో నర్సుని. మంచం పక్కన నిలబడటమే తెలుసు. ఆ వేసవిలో మంచం మీద పడుకోవడం ఎలా ఉంటుందో తెలిసింది. అయోవా హాస్పిటల్ కిటికీలోంచి మొక్కజొన్న చేలు చూస్తూ, అవతలెక్కడో ఉన్న కొండల్ని ఊహించుకునేదాన్ని. అందుకే మళ్ళీ వెళ్దామా అని ఆయన అడిగినప్పుడు వెంటనే కాదనలేకపోయాను.

ఈసారి ఆయన వెనక చక్రానికి కారు టైరు వేయించానన్నారు. మోటార్‌సైకిల్ టైరు పక్క గోడలు పల్చగా ఉంటాయిట, గాలి పోతే నలిగి జారిపోతుందిట. కారు టైరు గోడలు గట్టివి, గాలి పోయినా కాసేపు బరువు మోస్తుంది, పైగా మూడింతలు మన్నుతుంది. చెబుతున్నంతసేపూ బాగానే అనిపించింది. ఆయన మెషిన్ డిజైన్ ఇంజనీరు, చెప్పడం వచ్చు.

మా అమ్మాయి స్వాతిని స్నేహితురాలు పద్మ గారింట్లో దింపాం. పదమూడేళ్ళ పిల్ల గుమ్మంలో పైజమాతో నిలబడి, "అమ్మా, ప్రతి నైట్ కాల్ చెయ్యి. కలెక్ట్ కాల్ చెయ్యి, బిల్ ఇక్కడే పే చేస్తారు, పద్మ ఆంటీ ఓకే చెప్పింది" అంది. తర్వాత వాళ్ళ నాన్న వైపు తిరిగి, "డాడీ, నువ్వు స్లోగా డ్రైవ్ చెయ్యాలి. అమ్మ మళ్ళీ బ్రేక్ అవ్వద్దు" అంది. పద్మ గారు నవ్వారు. మేం నవ్వలేదు.

ఈస్ట్-వెస్ట్ టోల్‌వే మీద డిక్సన్ దాకా చల్లగా ఉంది. మోలిన్ దగ్గర మిసిసిపీ దాటేసరికి ఎండెక్కింది. అయోవాలో మొదటిసారి పెట్రోలు పోయించుకున్న చోటే ట్రక్కు డ్రైవర్లు తినే హోటలుంది. బయట చెట్టు కింద బల్ల మీద మా పులిహోర డబ్బా తెరిచాం. పక్క బల్ల దగ్గర ఒక ముసలి జంట. వాళ్ళదీ మా బండిలాంటి పెద్ద బండే. ఆయన రిటైరైన స్కూలు మాస్టరుట, పేరు హ్యాంక్. కాఫీ కప్పుతో లేచి, మా బండి చుట్టూ తిరిగి, వెనక చక్రం దగ్గర ఆగిపోయాడు.

"ఇది కార్ టైర్ కదా?" అన్నాడు.

"అవును" అన్నారు మా వారు. ఆ గొంతులో కొంచెం గర్వం.

"ఎవరు వేశారు నీకిది? మా ఊళ్ళో ఏ షాపువాడూ ముట్టుకోడు."

మా వారు నా వైపు ఒకసారి చూసి, "నేనే వేసుకున్నాను" అన్నారు, తక్కువ గొంతుతో.

హ్యాంక్ మంచివాడే. కయ్యానికి రాలేదు. నాకే అర్థమయ్యేట్టు చెప్పాడు. మోటార్‌సైకిల్ టైరు బోర్లించిన కొబ్బరి చిప్పలా గుండ్రంగా ఉంటుంది. మలుపులో బండి వాలితే దాంతోపాటే ఒరుగుతుంది. కారు టైరు పీటలాగా చదును. పీటని ఒక అంచు మీద నిలబెట్టి తిప్పితే ఎలా ఉంటుంది, అలా. పైగా కారు టైరు అంచు కూర్చునే గాడి వేరు, మోటార్‌సైకిల్ చక్రం గాడి వేరు. ఎక్కడికని అడిగితే బిగ్‌హార్న్ కొండలకన్నాను. "తిన్నగా వెళ్ళినంతసేపూ ఏం కాదమ్మా. నువ్వు వెళ్ళేది కొండల్లోకి" అన్నాడు. వాళ్ళావిడ ఆయన చొక్కా పట్టుకుని లాగింది. పోతూ పోతూ మాకు రెండు పీచ్ పళ్ళు ఇచ్చింది.

డిమోయిన్ దాకా నేను చేలు చూస్తూ కూర్చున్నాను. ఆయన క్యాసెట్ పెట్టబోతే "వద్దు" అన్నాను. అదొక్కటే.

డిమోయిన్ శివార్లలో ఒక చవక మోటెల్లో దిగాం. గది ముందు సిమెంటు అరుగు మీద రెండు ప్లాస్టిక్ కుర్చీలున్నాయి. ఇంకా పొద్దు వాలలేదు.

"మీరు 'వేయించాను' అన్నారు" అన్నాను.

ఆయన చేతి గడియారం తీసి, మళ్ళీ పెట్టుకున్నారు. "అవును, అన్నాను."

"వేయించడం వేరు, వేయడం వేరు. ఇన్నేళ్ళు ఇక్కడున్నా నాకింకా తెలుగొచ్చు."

"మూడు షాపులు తిరిగాను, వసుంధరా. ముగ్గురూ కుదరదన్నారు. నీకు నైట్ డ్యూటీ ఉన్న శుక్రవారం గరాజ్‌లో నేనే ఎక్కించాను. అంచు సరిగ్గా కూర్చుందో లేదో నాలుగుసార్లు చూసుకున్నాను. వెయ్యి మైళ్ళు ఒక్కణ్ణే నడిపాను. అంతా అయ్యాకే నిన్ను అడిగాను."

"ముగ్గురు కాదన్నారని నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే నువ్వెక్కవు."

"ఎక్కను."

"అందుకే."

ఆయన అబద్ధాలాడే మనిషి కాదు. చెప్పకుండా ఊరుకునే మనిషి. నాకు కోపం వచ్చింది టైరు మీద కాదు. పోయిన ఏడాది రోడ్డు మీద పడ్డది మేమిద్దరం. ఆ తర్వాత ఏం చేయాలో తేల్చుకున్నది మాత్రం ఆయనొక్కరే, గరాజ్ తలుపు వేసుకుని.

కుర్చీ ఆయన వైపు తిప్పి అన్నాను. "రేపటి నుంచి ఈ బండి గురించి మీకు తెలిసినదంతా నాకు తెలియాలి. నేను ఆపమన్న చోట ఆపాలి, ఎందుకని అడగకూడదు. ఈ టైరు వల్ల నేను ఆపమన్న రోజున ఈ బండి అమ్మేస్తాం. బస్సో రైలో ఎక్కి ఇంటికి పోతాం."

"సరే" అన్నారు. "ఇప్పుడే వెనక్కి వెళ్దామన్నా సరే."

"వెనక్కి ఎందుకు? నాకూ కొండలు చూడాలని ఉంది."

మర్నాడు పొద్దున్న గాలి చూసే గేజి నా చేతికిచ్చారు. టైరు గోడ మీద వేలు ఎక్కడ పెట్టి నొక్కాలో, చక్రం అంచుకీ రబ్బరుకీ మధ్య గీత చుట్టూ ఒకేలా ఉందో లేదో ఎలా చూడాలో నేర్పారు. అప్పటి నుంచి దారి పొడుగునా పొద్దున్నే చక్రం దగ్గర గొంతుక్కూర్చోవడం నా పనైంది. పేషెంటు నాడి చూసినట్టే ఉందని నాలో నేను నవ్వుకున్నాను కానీ, ఆయనతో అనలేదు.

డిమోయిన్ దాటాక నిరుడు మేం పడ్డ చోటు వస్తుందని ఇద్దరికీ తెలుసు. చేలు, గోతాం రంగు గాదెలు, మళ్ళీ చేలు. ఒక మైలురాయి దగ్గర ఆయన వేగం తగ్గించారు. హెల్మెట్లో, "ఇక్కడే కదా?" అన్నారు.

"కాదు. ఇంకా ముందు. ఎడం పక్క ఎర్ర గాదె ఉండాలి."

ఎర్ర గాదెలు మూడు వచ్చాయి. ఏది మాదో ఇద్దరం తేల్చుకోలేకపోయాం. చివరికి మిస్సోరీ లోయ కనిపించేసరికి, దాటేశామని అర్థమైంది. సంవత్సరం పాటు కలలోకి వచ్చిన చోటు, పక్కనుంచి పోతే ఆనవాలు కూడా దొరకలేదు. ఎందుకో దానితో కొంచెం తేలికపడ్డాను.

సూ సిటీ, సూ ఫాల్స్ మీదుగా ఆ సాయంత్రానికి దక్షిణ డకోటాలో చేంబర్లేన్ చేరాం. మిస్సోరీ నది అక్కడ చెరువులా వెడల్పుగా ఉంటుంది. ఒక గుజరాతీ దంపతుల మోటెల్. గది అద్దె ఇరవై రెండు డాలర్లు చెప్పి, మా మొహాలు చూసి ఆయన రెండు తగ్గించాడు. ఆమె మేం వద్దంటున్నా రొట్టెలూ బంగాళాదుంప కూరా పంపింది. "బెహన్‌జీ, మోటార్‌సైకిల్ మీద వచ్చిన మనవాళ్ళని ఇదే చూడటం. కార్ లేదా మీకు?" అని అడిగింది. ఉందన్నాను. ఆమెకి మరీ విచిత్రంగా తోచింది.

దక్షిణ డకోటా దాటడమంటే గాలితో కుస్తీ. దక్షిణం నుంచి వచ్చే గాలి బండిని పక్కకి నెడుతూనే ఉంటుంది. కారు టైరు గుణం నాకు అక్కడ తెలిసింది. రోడ్డు మీద ట్రక్కుల చక్రాలు తొక్కి తొక్కి చేసిన గాళ్ళుంటాయి. గుండ్రటి టైరు వాటిని పట్టించుకోదు. చదును టైరు వాటిలోకి దిగి, గాడి ఎటు పోతే అటు పోవాలని చూస్తుంది. గాడి దాటేటప్పుడల్లా నడుము కింద చిన్న కుదుపు.

"ఇది నాకు చెప్పారా?" అని అడిగాను.

"చెబుదామనుకునేలోపే నువ్వు కనిపెట్టేశావు" అన్నారు. రెండు రోజుల్లో మొదటిసారి ఇద్దరం నవ్వాం.

వాల్ ఊరికి ముందు వాన పట్టుకుంది. అలాంటి వాన నేను అమెరికాలో అంతకు ముందు చూళ్ళేదు. ఆకాశం అంతా ఒక పక్కన నల్లగా దిగి, రోడ్డు మీద చాప పరిచినట్టు వచ్చింది. మిగతా మోటార్‌సైకిళ్ళ వాళ్ళు వంతెన కింద ఆగారు. మేమూ ఆగుదామనుకునే లోపే తడిసి ముద్దయ్యాం. అయినా వెనక చక్రం నీళ్ళలో ఒక్క అంగుళం జారలేదు. కారు టైరు మంచీ చూశాను, చెడ్డా చూశాను అనుకున్నాను. బ్యాడ్‌లాండ్స్ మట్టి గుట్టలు వానకి తడిసి గులాబి రంగులోకి, పసుపులోకి మారాయి. ఆ రాత్రి ర్యాపిడ్ సిటీలో పడక. మర్నాడు జిలెట్ మీదుగా షెరిడాన్. షెరిడాన్‌లోకి వచ్చేసరికి పడమటి వైపు కొండలు గోడ కట్టినట్టు నిలబడి ఉన్నాయి. జూలైలో కూడా పైన మంచు చారలు. మోటెల్ ముందు నిలబడి అవి చీకట్లో కలిసిపోయేదాకా చూశాం.

డేటన్ అనే చిన్న ఊరు దాటగానే రోడ్డు ఎక్కడం మొదలవుతుంది. మొదటి రెండు మైళ్ళు మామూలే. తర్వాత కొండ వాలు మీద రోడ్డు పాములా మెలికలు తిరుగుతుంది. ఒక పక్క రాతి గోడ, ఇంకో పక్క మైదానం, మేం నిన్న దాటి వచ్చినదంతా కాళ్ళ కింద. మొదటి పెద్ద మలుపులో బండి వాలాలి. వాలలేదు. అంటే వాలింది, కానీ ముందు ఒద్దన్నట్టు బిగుసుకుని, ఆయన హ్యాండిల్‌ని గట్టిగా నెట్టాక అప్పుడు ఒక్కసారిగా అంచు మీదికి ఒరిగింది. ఆయన నడుము గట్టిగా పట్టుకున్నాను. రెండో మలుపూ అంతే. నాకు తెలియకుండానే నేను నిటారుగా బిగుసుకుపోయాను. ఆయన ఒక వైపు వంగుతుంటే నేను ఇంకో వైపు.

"వసూ, నాతో పాటు వాలు. నువ్వు ఎదురు లాగితే నేను తిప్పలేను."

"వాలలేను."

"కొంచెం."

మూడో మలుపులో ఎదురుగా కర్రల లారీ వచ్చింది. అది తన గీతలో తను పోయింది, మేం మా గీతలో మేం. అంతకంటే ఏమీ జరగలేదు. కానీ నాకు నిరుడు విరిగిన ఎముక దగ్గర సూదితో పొడిచినట్టయింది. "ఆపండి" అన్నాను.

ఆయన అడగలేదు. కొంచెం పైన, లోయ చూడటానికి కార్లు ఆపుకునే చోట బండి పక్కకి తీసి, నేను దిగేదాకా రెండు కాళ్ళూ నేల మీద ఆనించి పట్టుకున్నారు. హెల్మెట్ తీశారు. జుట్టంతా చెమట.

"సరే" అన్నారు. "నెమ్మదిగా నేను కిందకి దింపుతాను. నువ్వు ఎవరి కార్‌లోనైనా షెరిడాన్‌కి రా. బండి అక్కడే ఎవరికైనా ఇచ్చేద్దాం. బస్సు సాయంత్రం ఉందో లేదో కనుక్కుందాం."

ఆయన వాదిస్తారనే నేను సిద్ధంగా ఉన్నాను. పన్నెండేళ్ళుగా ఆదివారాలన్నీ ఆ గరాజ్‌లో గడిపిన మనిషి. ఒక్క మాట కూడా బేరమాడలేదు. రోడ్డు పక్కన ఇనుప కంచె మీద కూర్చుని గ్లవ్స్ విప్పుకుంటూ, లోయలోకి కాకుండా పైకి, మేం ఇంకా ఎక్కని కొండ వైపు చూశారు. అంతే.

అప్పుడే ఒక పాత క్యాంపర్ బండి, లోపలే పడకా వంటా ఉండేది, రొప్పుతూ వచ్చి మా పక్కన ఆగింది. నడుపుతున్నది డెబ్భై ఏళ్ళావిడ, పక్క సీట్లో మచ్చల కుక్క. ఇంజను వేడెక్కిందని ఆపిందిట. పేరు డోరతీ. ఏటా వేసవికి పైన చెట్లలో నెల్లాళ్ళు ఉంటుందిట.

"ఏమమ్మా, మొహం అలా పాలిపోయింది? పోట్లాడుకున్నారా?" అంది.

"లేదు. భయమేసింది" అన్నాను. ఇంగ్లీషులో ఆ మాట అంత తేలిగ్గా ఎలా వచ్చిందో నాకే తెలియదు.

"అయితే నాతో రా. పైన లాడ్జి దాకా తీసుకెళ్తాను. వాడిని ముందు పోనీ. వాడికేమన్నా అయితే చూసుకోడానికి మనం వెనకాల ఉంటాం."

ఆయన నా వైపు చూశారు. "పైదాకా వెళ్ళాలని ఉందా నీకు?"

"ఉంది. మీరు ముందు నడపండి."

కుక్క వెనక్కి పోయి నాకు సీటిచ్చింది. అలా నేను మొదటిసారి మా బండిని వెనక నుంచి చూశాను. మలుపులో ఆ చదును టైరు ఒక అంచు మీద లేచి, అవతలి అంచు కింద రోడ్డుకీ రబ్బరుకీ మధ్య వేలు పట్టేంత వెలుతురు కనిపించేది. మళ్ళీ తిన్నగా అయ్యేసరికి చదునుగా కూర్చునేది. హ్యాంక్ చెప్పింది నిజమే. మూడు షాపుల వాళ్ళు చెప్పింది నిజమే. నా భయం చెప్పింది కూడా నిజమే. అయినా అది ఎక్కడా జారలేదు, అదీ నిజమే.

కానీ కాసేపటికి నేను టైరు చూడటం మానేశాను. ఆయన్ని చూశాను. ఇంట్లో ఎప్పుడూ పెద్దగా కనిపించే మనిషి ఆ కొండ పక్కన ఇంతే ఉన్నారు. ప్రతి మలుపుకీ ముందే నెమ్మదించి, మలుపు తిరిగాక తల కొంచెం ఎత్తి అద్దంలో చూసేవారు. క్యాంపర్ మలుపు తిరిగి కనిపించేదాకా వేగం పెంచేవారు కాదు. ఒకసారి డోరతీ గేరు మార్చడం ఆలస్యమై మేం వెనకబడ్డాం. తర్వాతి మలుపు దగ్గర ఆయన బండి ఆపి, కాలు నేలకి ఆనించి, మెడ వెనక్కి తిప్పి ఎదురుచూస్తున్నారు.

"మీ ఆయన నిన్ను వెతుక్కుంటున్నాడు" అంది డోరతీ.

"అవును."

"మా ఆయన ఎప్పుడూ వెనక్కి చూసేవాడు కాదు. మంచివాడే అనుకో. కానీ చూసేవాడు కాదు" అని హారన్ ఒకసారి చిన్నగా నొక్కింది. ఆయన చెయ్యెత్తి మళ్ళీ కదిలారు.

పైన గాలి పల్చగా, చల్లగా ఉంది. పచ్చిక మైదానాల నిండా ఊదారంగు పూలు. దూరంగా గుర్రమంత ఎత్తు జింకల్లాంటి రెండు మూజ్‌లు నీటి గుంటలో మోకాళ్ళ లోతున నిలబడి మేస్తున్నాయి. లాడ్జిలో దుంగలతో కట్టిన చిన్న గది దొరికింది. టీ తాగి, ఆ పచ్చికలోకి నడిచాం.

"రేపు బస్సు కనుక్కుంటాను" అన్నారాయన.

"బండి అమ్మొద్దు."

ఆగిపోయారు. "నువ్వు ఆపమన్నావు కదా."

"ఆపమన్నాను, మీరు ఆపారు. నేను చూడాలనుకున్నది అదేనేమో. ఒప్పందం మార్చుకుందాం. మైదానంలో ఈ టైరు మీద ఎక్కుతాను. కొండ మలుపుల్లో ఎక్కను. కొండలకి వచ్చే ఏడు మోటార్‌సైకిల్ టైరు వేయించండి. 'వేయించండి' అన్నాను, విన్నారా?"

"విన్నాను" అన్నారు. కళ్ళు తుడుచుకున్నారు. చలిగాలికి అన్నారు. అనుకోనిచ్చాను.

రెండు రోజులు అక్కడే ఉన్నాం. షెల్ జలపాతానికి డోరతీ క్యాంపర్‌లోనే వెళ్ళొచ్చాం, కుక్కతో సహా. ఆవిడకి షెరిడాన్‌లో సరుకులు కొనాల్సిన పని ఉంటే, దిగేటప్పుడు కూడా నేను ఆవిడ పక్కనే కూర్చుని, ఆయన వెనకాలే దిగాను. సిగ్గుపడలేదు. డేటన్‌లో రోడ్డు తిన్నబడ్డ చోట క్యాంపర్ దిగి, బండెక్కాను.

తిరుగు ప్రయాణం వేరే దారిన. క్యాస్పర్ వైపు దిగి, లస్క్ మీదుగా నెబ్రాస్కాలోకి వచ్చి, చాడ్రన్‌లో రాత్రి పడుకున్నాం. ఆ తర్వాత ఇరవయ్యో నంబరు రోడ్డు. ఇసుక దిబ్బల మీద గడ్డి మొలిచిన దేశం అది, అలలు అలలుగా గడ్డి, మనిషి లేడు, అప్పుడప్పుడొక గాలిమర. వాలెంటైన్ ఇంకా గంట దూరంలో ఉందనగా నా నడుము కింద ఏదో మారింది. కుదుపు కాదు. గతుకులు అంతకు ముందు టకటకమని తగిలేవి, ఇప్పుడు పరుపు మీద తగిలినట్టున్నాయి.

"ఏమండీ, వెనక మెత్తగా ఉంది."

"గాలి తోస్తోందేమో?"

"గాలి కాదు. ఆపండి."

ఆపారు. మామూలుగా, నిదానంగా, అంచుకి తీసి. బండి అటూ ఇటూ ఊగలేదు. దిగి చూస్తే, వెనక టైరులో గాలి దాదాపు లేదు. గోడల మీదే నిలబడి ఉంది, మోకాళ్ళు వంచిన ఏనుగులాగా. నడుమ ఒక లావుపాటి బోల్టు, తల అరిగి మెరుస్తోంది. ఎన్ని మైళ్ళు అలా వచ్చామో తెలియదు. ఇద్దరం గడ్డిలో కూర్చున్నాం. నిరుడు ఇదే జరిగింది, ఇంత వేగంలోనే. ఇప్పుడు ఒక పిట్ట కంచె మీద కూర్చుని పాడుతోంది, అంతే.

"నాకంటే ముందు నీకెలా తెలిసింది?" అన్నారు.

"నేను కూర్చునేది దాని మీదే కదా" అన్నాను.

పశువుల ట్రక్కు ఒకటి ఆగింది. ఆ రైతు దగ్గరున్న పంపుతో కొంత గాలి కొట్టుకుని, నడక వేగంతో తర్వాతి ఊరు చేరాం. వీధి ఒక్కటే, గరాజూ ఒక్కటే. దాని యజమాని గ్లెన్ వంగి చూసి, టోపీ వెనక్కి తోసుకున్నాడు.

"ఇది బైకా, కారా? ఏదో ఒకటి చెప్పండి" అన్నాడు.

"ముందు సగం బైకు" అన్నారు మా వారు.

"మోటార్‌సైకిల్ టైరైతే నా దగ్గర ఏమీ లేదు, ఒమాహా నుంచి తెప్పించాలి. ఇదైతే కాఫీ తాగేలోపు అయిపోతుంది." బోల్టు పీకి, రంధ్రంలో రబ్బరు పోగు దూర్చి, గాలి కొట్టి, నీళ్ళు చల్లి చూశాడు. బుడగలు రాలేదు. గేజి పెట్టబోతుంటే నేను చెయ్యి చాచాను. నవ్వి ఇచ్చాడు. రెండుసార్లు చూసి, సరిపోయిందన్నాను.

ఆ రాత్రి ఓనీల్‌లో ఉండి, మర్నాడు సూ సిటీ, ఆ మర్నాడు అయోవా పొడుగునా ఇరవయ్యో నంబరు రోడ్డునే పట్టుకుని వచ్చాం. డుబ్యూక్ దగ్గర మిసిసిపీ దాటాక, గలీనా వైపు చిన్న గుట్టలున్నాయి. వాటి మీద ఆయన సైకిలు తొక్కినట్టు నెమ్మదిగా నడిపారు. వెనక నాలుగు కార్లు బారు కట్టాయి. ఒకడు హారన్ కొట్టాడు. మేం తొందరపడలేదు. రెండు మలుపుల్లో నేనూ ఆయనతో పాటు వాలాను, అంత గుట్టకి అంత వాలడం చాలనుకున్నాను.

ఈ దారిన వెళ్ళేవాళ్ళెవరైనా టైరు సంగతి మమ్మల్ని అడిగితే నేను చెప్పేది ఇంతే. తిన్నని రోడ్డు మీద, వానలో, బోల్టు దిగినప్పుడు అది మమ్మల్ని కాపాడింది. కొండ మలుపుల్లో నన్ను భయపెట్టింది. వేసుకోండి అనీ అనను, వద్దనీ అనను. వేసుకుంటే మాత్రం వెనక కూర్చునే మనిషికి అన్నీ చెప్పి వేసుకోండి. రోడ్డు వాళ్ళకి కూడా తగులుతుంది, ఒక్కోసారి ముందే తగులుతుంది.

ఫ్రీపోర్ట్ దాటాక ఇల్లినాయ్ మళ్ళీ పళ్ళెంలా చదునుగా పరుచుకుంది. మధ్యాహ్నపు ఎండ వీపుకి వెచ్చగా, రెండు పక్కలా సోయా చేలు. ఇంజను ఒకటే శ్రుతిలో పోతోంది. వెనక దిండుకి జేరబడ్డాను. కాసేపటికి తల ముందుకి తూలి, నా హెల్మెట్ ఆయన హెల్మెట్‌కి టక్కున తగిలింది.

"వసూ, నిద్రపోయావా?"

ఆ బండి మీద నేను కళ్ళు మూసింది ఏడాదిలో అదే మొదటిసారి.

"లేదండీ" అన్నాను.

ఆయన వేగం మరికాస్త తగ్గించారు. ఇల్లు ఇంకా రెండు గంటల దూరం ఉంది. నేను మళ్ళీ కళ్ళు మూసుకున్నాను.